బుల్లెట్ బ్రీదర్ ఆయిల్ కక్కుతోందా? బోరు దాకా పోకముందు చూడాల్సినవి

ప్రశ్న ఇది: పాత క్యాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350. నెల రోజులు నిలబెట్టి స్టార్ట్ చేస్తే బ్రీదర్ పైపులోంచి (ఇంజన్ లోపలి గాలిని బయటికి వదిలే పైపు) ఆయిల్ ధారగా పడుతోంది. ఆ తర్వాత రోజూ నడుపుతున్నా వెనక టైరు మీద చుక్కలు ఆగడం లేదు. షెడ్డులో పిస్టన్ రింగులు పోయాయి, సిలిండర్ బోరు చేయించాలన్నారు. అసలు బ్రీదర్ గాలిలోంచి ఆయిల్‌ని ఎలా విడదీస్తుంది, ముందుగా ఏం చూసుకోవాలి?

బోరు మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు చెప్పినవి రెండు వేరువేరు జబ్బులు. నిలబెట్టి తీసినప్పుడు ధారగా పడేది ఆయిల్ ట్యాంకులోంచి క్రాంక్‌కేస్‌లోకి, అంటే ఇంజన్ అడుగున క్రాంక్ తిరిగే గదిలోకి, జారిన ఆయిల్. రోజూ నడిపేటప్పుడు పడే చుక్కలు మాత్రం బ్రీదర్ పని చెయ్యకపోవడం వల్ల కావచ్చు. రింగుల మీద అనుమానం అన్నిటికన్నా చివర రావాలి, ఎందుకంటే మిగతావి చూడటానికి గంట సమయం, రెండు పానాలు చాలు.

ముందు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. 350లో బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 70 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ ఎక్కి దిగే దూరం) 90 మి.మీ. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ క్రాంక్‌కేస్‌లో 346 సీసీ చోటు తగ్గుతుంది, పైకి పోతే మళ్లీ అంత చోటూ పెరుగుతుంది. అంటే ఒక కూల్‌డ్రింక్ టిన్నులో పట్టేదానికన్నా కాస్త ఎక్కువ గాలి. 3000 ఆర్‌పీఎం దగ్గర ఇది సెకనుకు 50 సార్లు జరుగుతుంది, పిస్టన్ ఒక్కసారి దిగడానికి పట్టేది సెకనులో నూరో వంతు. ఆ గాలంతా 12 మి.మీ. పైపులోంచి బయటికి పోవాలంటే సెకనుకు 300 మీటర్ల వేగం కావాలి, దాదాపు శబ్దం వేగం. అది అయ్యే పని కాదు. కొంత గాలి లోపలే నలుగుతుంది, కొంత బయటికి దూసుకొస్తుంది. అలా దూసుకొచ్చే గాలి క్రాంక్ చిమ్మిన ఆయిల్‌ని కూడా ఈడ్చుకొస్తుంది. తర్వాత పిస్టన్ పైకి పోగానే అదే పైపు బయటి గాలిని దుమ్ముతో సహా లోపలికి లాగుతుంది. బ్రీదర్ అంటే ఉత్త కన్నం అనుకుంటే జరిగేది ఇదే.

అందుకే అది కన్నం కాదు, ఒకవైపే తెరుచుకునే తలుపు. 1955లో ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ నుంచి మద్రాసు వచ్చిన డిజైన్‌లో ఎడమ వైపు క్రాంక్‌కేస్ మీద, సిలిండర్ మొదట్లో, చిన్న గూడు లాంటి దాంట్లో పలచటి స్టీలు బిళ్లలు ఉండేవి. లోపలి ఒత్తిడికి లేచి గాలిని వదిలి, ఒత్తిడి పోగానే రంధ్రాల మీద కూర్చునేవి. తర్వాత ఆ పని పైపు కొసకు తొడిగే రబ్బరు వాల్వుకు అప్పజెప్పారు. బాతు ముక్కులా రెండు పెదవులుంటాయి కాబట్టి డక్‌బిల్ అంటారు. ఏది ఉన్నా పని ఒకటే. ఇంజన్ స్టార్ట్ అయిన కొన్ని చుట్లకే లోపలి గాలిలో కొంత బయటికి పోతుంది, తిరిగి రాలేదు. దాంతో క్రాంక్‌కేస్‌లో సగటు ఒత్తిడి బయటి గాలికన్నా తగ్గిపోతుంది. అక్కడి నుంచి పిస్టన్ ఎంత ఊగినా ఆ 346 సీసీ లోపలే సాగి ముడుచుకుంటుంది, బయటికి పోయేది రింగుల పక్కనుంచి కిందికి దిగిన పొగ మాత్రమే.

ఈ తేడా ఎంతో లెక్క వేస్తే అసలు విషయం తేటపడుతుంది. 3000 దగ్గర పిస్టన్ కింద ఊగే గాలి నిమిషానికి వెయ్యి లీటర్ల పైన. బాగున్న ఇంజన్‌లో రింగులు దాటి వచ్చే పొగ నిమిషానికి కొద్ది లీటర్లే. వాల్వు పని చేస్తే బయటికి నడిచేది ఆ కొద్ది లీటర్లు, పని చెయ్యకపోతే వెయ్యి లీటర్ల ఊగుడులో పైపు వదలగలిగినంతా. ఆయిల్‌ని గాలిలోంచి విడదీయడంలో సగం కన్నా ఎక్కువ పని ఇక్కడే అయిపోతుంది. ఎందుకంటే మెల్లగా నడిచే గాలి ఆయిల్‌ని మోయలేదు.

ఆ మోయలేకపోవడం ఎంత మేరకో కూడా చూడండి. క్రాంక్‌కేస్ గాలిలో ఆయిల్ మూడు రకాలుగా ఉంటుంది: క్రాంక్ విసిరే పెద్ద తుంపర, సన్నటి మంచు లాంటిది, పిస్టన్ వేడికి ఆవిరై మళ్లీ పేరుకున్న పొగ లాంటిది. గాలి కదలని చోట 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) చుక్క సెకనుకు సుమారు 25 సెం.మీ. కిందికి పడుతుంది. 10 మైక్రాన్లదైతే రెండున్నర మి.మీ. మాత్రమే. ఒక మైక్రాన్ కన్నా చిన్నది పడనే పడదు, గాలితో పాటే పోతుంది. ఇప్పుడు నిమిషానికి 5 లీటర్లు పోతున్నాయనుకుందాం. 12 మి.మీ. పైపులో ఆ గాలి వేగం సెకనుకు 70 సెం.మీ. పైచిలుకు. అదే గాలి, ఆయిల్ పట్టడానికి పైపుకు తగిలించే 60 మి.మీ. వ్యాసం ఉన్న డబ్బాలోకి వస్తే వేగం 25 రెట్లు తగ్గి 3 సెం.మీ.కు దిగుతుంది. అంటే సుమారు 35 మైక్రాన్లకు మించిన చుక్క, తల వెంట్రుక మందంలో సగం ఉన్నది, పైకి పోలేక అడుగున పడుతుంది. డబ్బా చేసేది ఇంతే. వాల్వు లేకుండా అదే డబ్బా పెడితే గాలి అందులోనూ ఈదురుగాలిలా కొడుతుంది, ఒక్క చుక్క నిలవదు. వాల్వు పాడైనప్పుడు పెద్ద డబ్బా తగిలించడం దండగ. వాల్వు ముందు, డబ్బా తర్వాత.

35 మైక్రాన్ల కన్నా చిన్న చుక్కల కోసం డబ్బా లోపల తీగల జాలీ. గాలి తీగల మధ్య మెలికలు తిరుగుతూ పోగలదు. చుక్క గాలికన్నా బరువు, అంత చప్పున మలుపు తీసుకోలేక నేరుగా పోయి తీగకు అంటుకుంటుంది. ఒకదాని మీద ఇంకొకటి చేరి, తీగ వెంట జారి, అడుగున బొట్టుగా వేలాడి, బరువెక్కాక రాలుతుంది. ఆ బొట్టు రాలే చోట పైకి వచ్చే గాలి వేగంగా ఉంటే దాన్ని మళ్లీ చింపి లేపుతుంది. అందుకే జాలీ ఎప్పుడూ గాలి లోపలికొచ్చే మూతికి దూరంగా, డబ్బా పైభాగంలో ఉండాలి. సన్నటి పొగ జాలీకి కూడా దొరకదు. బ్రీదర్ కొస దగ్గర కొద్దిగా జిడ్డు, వాసన ఎప్పుడూ ఉంటాయి, దాన్ని జబ్బు అనుకోకండి.

ఇదే సమస్యకు ఒక్కో కంపెనీ ఒక్కో దారి పట్టింది. ట్రయంఫ్ 650 ట్విన్‌లో (రెండు సిలిండర్ల ఇంజన్) రెండు పిస్టన్లూ ఒకేసారి దిగుతాయి కాబట్టి ఊగే గాలి రెట్టింపు. అందులో ఇన్‌లెట్ క్యామ్‌షాఫ్ట్ కొసన తిరిగే బిళ్ల పిస్టన్లు దిగేటప్పుడే కన్నం తెరుస్తుంది. 1970 నుంచి దాన్ని తీసేసి గాలిని ప్రైమరీ చైన్ కేసులోకి (క్రాంక్ నుంచి క్లచ్‌కు పోయే చైన్ ఉండే గూడు) వదిలి, దాని వెనక నుంచి లావుపాటి పైపు పెట్టారు. పెద్ద ఖాళీ జాగాలో గాలి నెమ్మదిస్తుంది, ఆయిల్ కింద పడుతుంది. హార్లీలో గేరుతో తిరిగే బ్రీదర్ వాల్వు ఉండేది. బీఎండబ్ల్యూ బాక్సర్‌లోనూ రెండు పిస్టన్లు ఒకేసారి లోపలికి వస్తాయి, వాళ్లూ వాల్వు పెట్టక తప్పలేదు. రెండు పిస్టన్లు ఎదురెదురుగా ఎక్కి దిగే 180 డిగ్రీల ట్విన్‌లో మాత్రం కింద చోటు పెద్దగా మారదు, అక్కడ బ్రీదర్‌కు పని తక్కువ. పాత టూ స్ట్రోక్ యెజ్డీ, రాజ్‌దూత్ వాళ్లు దీని గురించి ఆలోచించనక్కర్లేదు. టూ స్ట్రోక్‌లో క్రాంక్‌కేసే పెట్రోల్-గాలి మిక్చర్‌ని తోసే పంపు, దానికి బ్రీదర్ పెడితే బండే నడవదు.

ఇక మీ బండి దగ్గరికి. మొదట ఆయిల్ లెవెల్. ఎక్కువ బుల్లెట్లలో బ్రీదర్ కక్కడానికి కారణం ఇదే, దీన్నే ఎవరూ చూడరు. ఈ ఇంజన్‌లో ఆయిల్ ట్యాంకు క్రాంక్ ఛాంబర్ వెనకే, అదే పోతలో ఉంటుంది. ఒక పంపు ట్యాంకులోంచి తీసి బిగ్ ఎండ్‌కు (కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు) పంపుతుంది, ఇంకోటి క్రాంక్‌కేస్ అడుగున చేరిన ఆయిల్‌ని తిరిగి ట్యాంకులోకి తోడుతుంది. బండి వారాలకొద్దీ నిలబడితే ట్యాంకు ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ (లెవెల్ చూసే గీతల కడ్డీ) తీస్తే ఆయిల్ లేనట్టు కనిపిస్తుంది. లేదనుకుని అర లీటరు పోస్తారు. స్టార్ట్ చేశాక రిటర్న్ పంపు జారినదంతా ట్యాంకులోకి తోడేసరికి పై గీత దాటిపోతుంది. ఆ ఎక్కువైన ఆయిల్‌కు మిగిలిన దారి బ్రీదరే. లెవెల్ ఎప్పుడు చూసినా ఇంజన్ ఐదు నిమిషాలు నడిపి, ఆపి, రెండు నిమిషాలు ఆగి, బండి సెంటర్ స్టాండ్ మీద నిటారుగా ఉండగా చూడాలి. పై గీతకూ కింది గీతకూ మధ్యలో ఉంటే చాలు. పై గీత దాకా నింపాల్సిన పని లేదు.

నెల రోజులు నిలబెట్టిన బండిని నేరుగా కిక్కు కొట్టకండి. క్రాంక్ ఛాంబర్ కింద ఉన్న డ్రైన్ ప్లగ్గు విప్పి, శుభ్రమైన గిన్నె పెట్టి, జారిన ఆయిల్ తీసేయండి. ట్యాంకు కింద ఉన్న ప్లగ్గు వేరు, పొరపాటున అది విప్పితే ఉన్న ఆయిలంతా దిగిపోతుంది. వచ్చింది ఎంతో కొలవండి. టీ గ్లాసెడు వస్తే మామూలే. అర లీటరు దాటితే పంపు జారుతోందని అర్థం. తీసిన ఆయిల్ శుభ్రంగా ఉంటే సన్నటి జల్లెడలో వడగట్టి ట్యాంకులోనే పోసుకోవచ్చు. ప్లగ్గు బిగించేటప్పుడు కేసు అల్యూమినియం అని గుర్తుంచుకోండి. మొదట చేత్తో తిప్పి, వాషర్ కూర్చున్నాక పానాతో కొద్దిగా బిగిస్తే చాలు. మర పోతే బ్రీదర్ కన్నా పెద్ద పని నెత్తిన పడుతుంది.

జారుడు ఎక్కువగా ఉంటే ఇంజన్ కుడి వైపు ఉండే టైమింగ్ కవర్ విప్పి పంపు డిస్కులు తీయించండి. డిస్కు కూర్చునే ముఖం మీద గీతలుంటే మందపాటి గాజు పలక మీద అతి సన్నటి గ్రైండింగ్ పేస్టు వేసి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దితే ముఖమంతా ఒకే మసక రంగుకు వస్తుంది. అక్కడ ఆపాలి. ఆ తర్వాత పేస్టు గింజ ఒక్కటి మిగిలినా బిగ్ ఎండ్ పోతుంది, కాబట్టి కిరోసిన్‌తో రెండు మూడు సార్లు కడగాలి. డిస్కును నొక్కి పట్టే స్ప్రింగు విరిగిందేమో కూడా అప్పుడే చూడండి. ఈ పని చేశాక కూడా నెలల తరబడి నిలబెడితే కొంత జారుతుంది, ఈ డిజైన్‌తో అది తప్పదు.

తర్వాత వాల్వు. ఇంజన్ స్లోలో పెట్టి, పలచటి పాలిథిన్ ముక్క ఒకటి బ్రీదర్ కొస ముందు పట్టుకోండి. వాల్వు బాగుంటే ముక్క బయటికి మాత్రమే ఎగురుతుంది, చిన్న చిన్న తోపులు తగులుతాయి. ముక్క లోపలికీ బయటికీ కొట్టుకుంటున్నా, మధ్యమధ్య పైపు మూతికి అంటుకుపోతున్నా వాల్వు మూసుకోవడం లేదు. అసలు కదలకపోతే పైపు మూసుకుపోయింది. ఇది మరీ చెడ్డది, ఎందుకంటే ఆ ఒత్తిడి అంతా టాపెట్ కవర్, టైమింగ్ కవర్, సిలిండర్ అడుగు ప్యాకింగుల దగ్గర దారి వెతుక్కుంటుంది. ప్యాకింగులు ఎన్నిసార్లు మార్చినా తడి ఆగని బుల్లెట్ అంటే ముందు ఇదే చూడాలి.

రబ్బరు ఊడదీసి వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. కొత్తది చెవి తమ్మెలా మెత్తగా ఉంటుంది, రెండు పెదవులు వాటంతట అవే కలుసుకుంటాయి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే చీలికలోంచి వెలుగు రాకూడదు. పాతబడితే ముందు మూలల్లో పగుళ్లు వస్తాయి, తర్వాత పెదవులు బిగుసుకుని తెరుచుకునే ఉండిపోతాయి. నోటితో ఊదితే గాలి పోవాలి, పీలిస్తే నిలవాలి. కడగాల్సి వస్తే సబ్బు నీళ్లతో కడగండి. పెట్రోల్‌లో వేస్తే రబ్బరు ఉబ్బి పెదవులు వంకర తిరుగుతాయి. ఇది అరిగే సామాను, రెండు మూడేళ్లకు మార్చేయడమే మంచిది. స్టీలు బిళ్లలున్న పాత బండి అయితే కిరోసిన్‌తో కడిగి, గాజు మీద పెట్టి వంపు ఉందేమో చూడండి. అంచున తుప్పు చుక్క ఉన్నా బిళ్ల సరిగా కూర్చోదు.

రబ్బరు దొరకలేదని అక్వేరియం వన్‌వే వాల్వు, కారు బ్రేక్ బూస్టర్ వాల్వు తగిలించేవాళ్లున్నారు. వద్దు. మొదటిదానికి దారి మరీ సన్నం, రెండోదానికి స్ప్రింగు గట్టి. ఈ పనికి కావాల్సింది ఊపిరంత ఒత్తిడికే తెరుచుకుని సెకనుకు 50 సార్లు మూసుకోగల తేలికపాటి పెదవి. రీడ్ రకం వాల్వు దొరికితే పెట్టుకోవచ్చు, కానీ వీలైనంత క్రాంక్‌కేస్‌కు దగ్గరగా పెట్టాలి. వాల్వుకూ ఇంజన్‌కూ మధ్య పైపు ఎంత పొడవుంటే లోపల అంత వృథా జాగా పెరిగి శూన్యం తగ్గుతుంది.

పైపు గురించి రెండు మాటలు. ఆయిల్ తట్టుకునే నైట్రైల్ రబ్బరు పైపు వేయండి, లోపలి వ్యాసం 12 మి.మీ.కు తగ్గకూడదు, మధ్యలో ఎక్కడా సన్నం చేయకూడదు. తోటకు నీళ్లు పెట్టే ప్లాస్టిక్ పైపు వేడికి మెత్తబడి వంపు దగ్గర నొక్కుకుపోతుంది. పైపు క్రాంక్‌కేస్ నుంచి డబ్బా దాకా ఎక్కుతూనే పోవాలి. మధ్యలో ఊయలలా వేలాడితే ఆ వంపులో ఆయిల్ నిలుస్తుంది, రేసు ఇచ్చినప్పుడు గుటకెడు ఒక్కసారిగా బయటికి ఎగురుతుంది. బ్రీదర్ కొసను వెనక చైన్ మీదికి పెట్టి చైన్‌కు ఆయిల్ పడేలా చేయడం పాత అలవాటు. చైన్‌కు మంచిదే కానీ ఆ చుక్కలే మీ టైరు మీదికి వస్తున్నాయి. తడి రోడ్డు మీద వంపు తీసుకునేటప్పుడు టైరు పక్కన ఆయిల్ ఉంటే బండి జారుతుంది. కొసను టైరుకు దూరంగా, ఏటవాలుగా కోసి, వెనక్కి తిప్పండి.

డబ్బా మీరే చేయించుకోవచ్చు. 300 నుంచి 500 సీసీ పట్టే, 60 మి.మీ.కు తగ్గని వ్యాసం ఉన్న అల్యూమినియం లేదా స్టీలు డబ్బా. లోపలికొచ్చే మూతి డబ్బా ఎత్తులో మూడో వంతు దగ్గర, గోడను రాసుకుంటూ వచ్చేలా వెల్డింగు చేయించండి. గాలి గోడ వెంట తిరుగుతుంది, చుక్కలు గోడకు అంటుకుని జారతాయి. దానికి పైన కన్నాల రేకు ఒకటి, ఆపైన పాత్రలు తోమే స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రబ్బర్ వదులుగా, దాని మీద ఇంకో కన్నాల రేకు. స్క్రబ్బర్‌ని కుక్కితే దారి మూసుకుపోతుంది. మామూలు ఇనప పీచు పెట్టకండి, తుప్పు పట్టి పొడి రాలుతుంది, అది తిరిగి ఇంజన్‌లోకి పోతే బేరింగుల పని అయిపోతుంది. బయటికి పోయే మూతి మూత మీద. అడుగున చిన్న ట్యాపు. ఆ ఆయిల్‌ని పైపు వేసి తిరిగి టైమింగ్ ఛాంబర్‌లోకి పంపే పద్ధతి కంపెనీ డబ్బాల్లో ఉంది, కానీ ఇంట్లో చేసిన దాంట్లో ఆ పైపుకు సరైన వాలు లేకపోతే ఒత్తిడి కింది నుంచే ఎదురు తన్ని డబ్బాలో ఆయిల్‌ని బుడగలుగా లేపుతుంది. ట్యాపు పెట్టి వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి ఖాళీ చేసుకోవడమే నయం.

డబ్బా పై మూతిని ఎయిర్ ఫిల్టర్‌కు కలిపితే పొగ మళ్లీ కాలిపోతుంది, బండి కింద శుభ్రంగా ఉంటుంది. అయితే వాల్వు, లెవెల్ సరిచేశాకే కలపండి. లేకపోతే ఆయిల్‌తో ఫిల్టర్ తడిసి, మిక్చర్ ఎక్కువై, స్పార్క్ ప్లగ్గు నల్లబడి, చూసినవాళ్లు మళ్లీ రింగులే అంటారు.

ప్రైమరీ చైన్ కేసు ఆయిల్ లెవెల్ కూడా వారం రోజులు గమనించండి. బయట కారకుండానే తగ్గుతుంటే క్రాంక్ ఎడమ వైపు సీలు పోయి, ఇంజన్ శూన్యం ఆ ఆయిల్‌ని లోపలికి లాగుతోంది. పెరుగుతూ క్లచ్ జారుతుంటే క్రాంక్‌కేస్ ఒత్తిడి అటు నెడుతోంది, బ్రీదర్ మూసుకుపోయిందన్నమాట.

ఇవన్నీ సరిచేశాక కూడా ఆయిల్ ఆగకపోతే అప్పుడు రింగులు. వేడి ఇంజన్‌లో, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి పెట్టి కిక్కులు కొట్టి కంప్రెషన్ చూడండి. తర్వాత స్పార్క్ ప్లగ్గు కన్నంలోంచి ఒక టీ స్పూను ఇంజన్ ఆయిల్ పోసి, నాలుగు కిక్కులు కొట్టి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులో బోరో అరిగాయి. పెరగకపోతే హెడ్డులోని ఇంజన్ వాల్వుల వైపు చూడాలి. బ్రీదర్ కొస నుంచి నీలి పొగ స్లోలో కూడా కంటికి కనిపించేలా వస్తూ, రేసుతో పాటు పెరుగుతుంటే కూడా అది రింగుల పనే. ఆ పొగను ఏ డబ్బా ఆపలేదు.

చివరిగా, డబ్బాలో చల్ల మీద తేలిన వెన్నలాంటి తెల్లటి ముద్ద కనబడితే హెడ్డు ప్యాకింగు పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ ఇంజన్‌లో అసలు నీళ్లే లేవు. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది, అందులో కొంత రింగులు దాటి కిందికి దిగుతుంది. చలికాలం పొద్దున్నే రెండు కిలోమీటర్లు నడిపి ఆపేస్తే అది డబ్బాలో చల్లబడి ఆయిల్‌తో కలిసి చిలికినట్టవుతుంది. వారానికి ఒకసారైనా అరగంట ఆపకుండా నడపండి, ఆ ముద్దను మాత్రం ఇంజన్‌లో తిరిగి పోయకండి.